ఇంగ్లిషు కవితలో క్రియ ఎక్కడుందో పిల్లలకు ఎలా చూపించాలి?

సాయంత్రం బడి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు చెబుతాను. సాయంత్రాలు మా వీధిలోని ఇంటర్ పిల్లలు కూడా ఇంటికి వస్తుంటారు. వాయిస్ మార్చమంటే మారుస్తారు, డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి తెస్తారు, ఖాళీల్లో ప్రిపొజిషన్లు సరిగ్గానే నింపుతారు. అదే పిల్లల చేతికి ఒక కవిత ఇస్తే నోరు పెగలదు. వెంటనే గైడు తెరుస్తారు. సారాంశం కంఠతా వస్తుంది కానీ అందులోని ఒక్క పంక్తికి అర్థం చెప్పలేరు.

ఇప్పుడు టాగూర్ కవిత 'వేర్ ద మైండ్ ఈజ్ వితౌట్ ఫియర్' చెబుతున్నాను. ఇందులో వాక్యాలెన్ని అని అడిగితే ఒకరు ఎనిమిది అన్నారు, ఇంకొకరు పదకొండు అన్నారు. చివరి పంక్తిలో 'మై ఫాదర్' ఎవరు అంటే తరగతి తరగతంతా గాంధీజీ అంది. జాతిపిత అని చదువుకున్నారు కదా, వాళ్ల ఆలోచనలో తర్కం ఉంది. కానీ వ్యాకరణం గంటలో నేర్చుకున్నదాన్ని కవిత దగ్గరికి తీసుకురావాలని వాళ్లకు తోచడం లేదు. మీలో ఎవరైనా ఈ రెండింటినీ కలిపి చెప్పి ఉంటే, ఎలా చెప్పారో వివరంగా రాయండి.

మార్కుల లెక్క

మేడమ్, నేను ఏళ్లుగా ఇంటర్ ఇంగ్లిషు జవాబుపత్రాలు దిద్దుతున్నాను. పల్లె నుంచి వచ్చి, ఇంట్లో ఇంగ్లిషు ముక్క వినిపించని పిల్లవాడు పాస్ కావడం అన్నిటికంటే ముఖ్యం. గైడులోని సారాంశం వాడిని ఒడ్డున పడేస్తుంది. వ్యాకరణం ప్రశ్నలకు మార్కులు ఖాయం. కవిత్వాన్ని లోతుగా చెప్పే సమయం సిలబస్‌లో లేదు. మీరు చెప్పాలనుకునేది మంచిదే, కాదనను. కానీ ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పిల్లవాడికి మిగిలేది జ్ఞాపకం ఉన్న పేరాలే.

ప్రొద్దుటూరు మాస్టారు

అమ్మా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఇంగ్లిషు సాహిత్యంలో నాకు పెద్ద ప్రవేశం లేదు. అయినా మీరు చెప్పిన కవిత మా మనవరాలి పుస్తకంలో చూసి ఆశ్చర్యపోయాను. ఆ నిర్మాణం మన పిల్లలకు కొత్తది కాదు.

పోతన గజేంద్రమోక్షంలోని పద్యం గుర్తు చేసుకోండి. 'ఎవ్వనిచే జనించు జగ, మెవ్వని లోపల నుండు లీనమై' అని మొదలవుతుంది. ఎవ్వనిచే, ఎవ్వని లోపల, ఎవ్వని యందు, పరమేశ్వరుడు ఎవ్వడు, మూలకారణం ఎవ్వడు, ఆదిమధ్యాంతాలు లేనివాడు ఎవ్వడు, సర్వమూ తానే అయినవాడు ఎవ్వడు. లెక్కపెడితే ఏడు. ఈ ఏడింటిలో ఎక్కడా వాక్యం పూర్తి కాదు. 'వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేఁడెదన్' అన్నప్పుడు కదా అసలు క్రియ వచ్చి అన్నిటినీ ముడివేస్తుంది!

టాగూర్ కవితలో 'వేర్' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. అవీ ఏడే. ఏడుసార్లు 'ఎక్కడ' అని, చివరికి 'ఆ స్వేచ్ఛా స్వర్గంలోకి, తండ్రీ, నా దేశాన్ని మేల్కొననీ' అంటాడు. అక్కడిదాకా పాఠకుడు ప్రధాన క్రియ కోసం ఎదురుచూడాల్సిందే. ఇంగ్లిషు పిల్లలకు అది కష్టమేమో గానీ, తెలుగు వాక్యంలో క్రియ చివరన రావడం మన పిల్లలకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. పోతనా టాగూరూ ఇద్దరూ ప్రార్థనే చేస్తున్నారు. అడగబోయే కోరిక బరువు తెలియాలని దాన్ని చివరికి ఆపారు.

అందుకని మేము పద్యం చెప్పే పద్ధతే ఇక్కడా పెట్టండి. పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, ఆ తర్వాతే తాత్పర్యం. ముందు ప్రధాన క్రియ పట్టుకోవాలి. ఎవరు? ఎవరిని? ఎక్కడికి? ఎటువంటి చోటికి? ఈ ప్రశ్నలు వేసుకుంటూ పోతే ఏ పదం దేనికి చెందుతుందో తేలుతుంది. అదే అన్వయం. గైడు చేస్తున్నది ఏమిటంటే, అన్వయం దాటవేసి నేరుగా తాత్పర్యం చేతిలో పెట్టడం.

సాయంత్రం బడి

మాస్టారూ, ఏడూ ఏడూ అన్న మాట చదివి వెంటనే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నిజమే. ఆ పద్యం మా పిల్లల్లో చాలామందికి నోటికి వచ్చు. రేపు దానితోనే మొదలుపెడతాను.

ఖరగ్‌పూర్ వాసి

మా కుటుంబం రైల్వే ఉద్యోగం వల్ల రెండు తరాలుగా ఇక్కడే ఉంది. బడిలో బెంగాలీ మూలం చదువుకున్నాను. 'మై ఫాదర్' గురించి రెండు మాటలు.

మూలం 1901లో వచ్చిన 'నైవేద్య' సంపుటిలోది. టాగూర్ తానే ఇంగ్లిషులోకి తెచ్చి 1912 నాటి ఇంగ్లిషు గీతాంజలిలో ముప్పై అయిదో కవితగా చేర్చారు. గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి స్థిరంగా తిరిగి వచ్చింది 1915లో. కాబట్టి ఆ తండ్రి గాంధీజీ అయ్యే అవకాశం లేదు, అది భగవంతుడే. పిల్లలకు ఈ సంవత్సరాలు బోర్డు మీద రాసి చూపిస్తే చాలు, వాళ్లే తేల్చుకుంటారు.

మూలంలోనూ ప్రధాన క్రియ చిట్టచివరనే ఉంది, మాస్టారు చెప్పినట్టే. కానీ అక్కడ ప్రార్థన ఇంకా కఠినం. 'నీ చేత్తో నిర్దయగా కొట్టి, తండ్రీ, భారతాన్ని ఆ స్వర్గంలోకి మేల్కొలుపు' అని అడుగుతారు. ఇంగ్లిషులో ఆ దెబ్బ పోయింది, 'భారతం' స్థానంలో 'నా దేశం' వచ్చింది, 'మేల్కొలుపు' మెత్తబడి 'మేల్కొననీ' అయింది. అందుకే ఈ కవితను ఉత్త దేశభక్తి గీతంలా చెప్పినప్పుడు నాకు మనసు ఒప్పదు. తన దేశాన్ని కొట్టి లేపమని అడిగిన మనిషి రాసింది ఇది.

ఇంటర్ రెండో సంవత్సరం

సార్, మేడమ్, నేను విద్యార్థిని. మీ చర్చ చదివి అన్వయం చేయడానికి ప్రయత్నించాను. 'ద హెడ్ ఈజ్ హెల్డ్ హై' దగ్గర ఆగిపోయాను. ఇది పాసివ్ వాయిస్ కదా? దీన్ని యాక్టివ్‌లోకి మార్చాలంటే కర్త కావాలి. 'బై' లేదు. కర్త ఎవరు?

కరీంనగర్ లెక్చరర్

బాబూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో మంచిది నీదే. నేను డిగ్రీ కళాశాలలో ఇంగ్లిషు చెబుతాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ఈ కవితలో ముఖ్యమైన పాసివ్ రూపాలు మూడున్నాయి. మొదటిది నువ్వు చెప్పింది. తల ఎత్తి ఉంచబడుతుంది, ఎవరు ఎత్తారో చెప్పలేదు. రెండోది, ప్రపంచం ముక్కలుగా విరగ్గొట్టబడలేదు. ఇక్కడ 'బై' ఉంది. విరగ్గొట్టేవి ఇరుకైన ఇంటి గోడలు. మూడోది, మనసు ముందుకు నడిపించబడుతుంది. ఇక్కడా 'బై' ఉంది, నడిపించేది 'దీ', అంటే నీవు, భగవంతుడు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం. తలెత్తుకునేది ఎవరో కవి చెప్పలేదు కాబట్టి ఆ ఖాళీ నువ్వు పూరించాలి. 'మనుషులు' అని పూరిస్తావా? 'భారతీయులు' అంటావా? పరాయి పాలనలో ఉన్న దేశం గనక 'పాలితులు' అంటావా? ఏది పెట్టినా కవిత నీకు ఎలా అర్థమైందో అది బయటపెడుతుంది. తరగతిలో నేను ఇదే అభ్యాసంగా ఇస్తాను. అందరూ తలా ఒక కర్తను రాస్తారు, ఆ కర్త ఎందుకో చెబుతారు. వాయిస్ అభ్యాసమూ అయిపోతుంది, వ్యాఖ్యానమూ మొదలవుతుంది.

ఇంకొకటి గమనించు. వివేకమనే స్వచ్ఛమైన ప్రవాహం ఎడారి ఇసుకలో దారి తప్పలేదు అన్నచోట క్రియ యాక్టివ్‌లో ఉంది. ప్రవాహాన్ని ఎవరో మళ్లించలేదు, తప్పితే అదే తప్పుతుంది. గోడలు కూడా ఇంటివే, బయటివాళ్లు కట్టినవి కావు. ఆ ఎడారి కూడా 'జీవం లేని అలవాటు' అనే ఎడారి. పరాయి పాలన కాలంలో రాస్తూ కూడా కవి వేలు పరాయివాడి వైపు చూపలేదు. ఇది గైడులో ఉండదు. కానీ క్రియలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే నీకే కనిపిస్తుంది.

వరంగల్ రేడియో

నేను ఒప్పుకోలేను. క్షమించండి, కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కవితను కోసి కర్త, కర్మ, క్రియ అని బల్ల మీద పరిస్తే పిల్లలకు కవిత్వం మీద ప్రేమ ఎలా పుడుతుంది? నేను ఆకాశవాణిలో కవితలు చదివినవాణ్ణి. ముందు పైకి చదవాలి. రెండుసార్లు, మూడుసార్లు. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. పసిపిల్లలకు 'చందమామ రావే' అర్థం తెలిసే నచ్చిందా? లయ లోపలికి వెళ్లాక అర్థం దానంతట అదే వెతుక్కుంటూ వస్తుంది.

ప్రొద్దుటూరు మాస్టారు

అయ్యా, మీరన్నది నిజం. పద్యం రాగంతో చదవకుండా అన్వయం చేసిన పండితుడు ఎవరూ లేరు. చదవడం ముందు, సందేహమే లేదు. కానీ చదివితే అర్థం దానంతట అదే వస్తుందన్నది అమ్మభాషకు చెల్లుతుంది. పరభాష విషయంలో రాదు. వచ్చి ఉంటే ఈ అమ్మాయిగారి తరగతిలో గాంధీజీ వచ్చేవారు కాదు.

కరీంనగర్ లెక్చరర్

రేడియో గారూ, మీ మాటకు ఒక ఉదాహరణ చెబుతాను, ఇద్దరి పక్షానా పనికొస్తుంది. ఇంగ్లిషు కవి వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ అనే పూల మీద రాసిన కవితలో 'టెన్ థౌజండ్ సా ఐ ఎట్ ఎ గ్లాన్స్' అని వస్తుంది. పైకి ఎంత హాయిగా ఉంటుందో! కానీ మా మొదటి సంవత్సరం పిల్లల్లో సగం మంది 'పదివేలమంది నన్ను ఒక్క చూపులో చూశారు' అని రాస్తారు. వాళ్ల తప్పు కాదు. ఇంగ్లిషులో క్రియకు ముందున్నది కర్త, తర్వాతది కర్మ అని మనమే నేర్పాం.

ఇక్కడ పిల్లలకు తెలుగు విభక్తులు గుర్తుచేస్తాను. 'రావణుని రాముడు చంపెను' అన్నా, 'చంపెను రాముడు రావణుని' అన్నా అర్థం మారదు, 'ని' కాపాడుతుంది. ఇంగ్లిషు నామవాచకాలకు ఆ రక్షణ లేదు. సర్వనామాలకు మాత్రం ఉంది. ఇంగ్లిషు 'ఐ' (నేను) కర్త, 'మీ' (నన్ను) కర్మ. ఇక్కడున్నది 'ఐ'. ఎక్కడ కూర్చున్నా అది కర్తే. కాబట్టి చూసింది నేను, కనిపించినవి పదివేల పూలు. కవితలో పదక్రమం తారుమారైనప్పుడు సర్వనామం పట్టుకోండి అని ఒక్క సూత్రం చెబితే చాలా పంక్తులు విడిపోతాయి.

ఇదే కవితలో టెన్స్ చూడండి. పూలు చూసిన కథంతా పాస్ట్‌లో నడుస్తుంది. చివరి చరణంలో 'నేను పడక మీద వాలినప్పుడల్లా' అంటూ సింపుల్ ప్రెజెంట్‌లోకి మారుతుంది. అలవాటుగా జరిగేదానికి ఆ టెన్స్ అని వ్యాకరణం గంటలో చెబుతాం. ఆ మార్పే ఈ కవిత. పూలు ఒక్కసారే చూశాడు, ఆనందం మాత్రం మళ్లీ మళ్లీ జరుగుతోంది. ఆ పూలను అతనూ చెల్లెలు డొరతీ కలిసి 1802 ఏప్రిల్‌లో అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున చూశారు. కవిత అచ్చయింది 1807లో. ఆమె తన దినచర్యలో ఆ రోజు గురించి రాసుకుంది కూడా. అయినా కవిత 'నేను ఒంటరిగా తిరిగాను' అని మొదలవుతుంది. పక్కన చెల్లెలు ఉండగా ఒంటరి అని ఎందుకన్నాడో పిల్లలను అడగండి. మా తరగతిలో ఈ ప్రశ్నకు వచ్చినన్ని జవాబులు దేనికీ రాలేదు.

డాలస్ నాన్న

మా అమ్మాయి ఇక్కడ హైస్కూలు. ఇంగ్లిషు మాతృభాషలాగే మాట్లాడుతుంది, అయినా కవిత దగ్గర ఇదే ఇబ్బంది. అమెరికన్ కవి ఫ్రాస్ట్ రాసిన మంచు సాయంత్రం అడవి కవితలో 'హూజ్ వుడ్స్ దీజ్ ఆర్ ఐ థింక్ ఐ నో' అన్న మొదటి పంక్తి ప్రశ్న అనుకుంది. ప్రశ్న కాదు. 'ఈ అడవి ఎవరిదో నాకు తెలుసనుకుంటాను' అన్న వాక్యంలో కర్మను ముందుకు తెచ్చాడు. మేమిద్దరం దాన్ని తెలుగులో చెప్పుకున్నాకే తనకు తేలిగ్గా అందింది. తెలుగులో కర్మ ముందు రావడం మామూలే కదా.

ఇందులో కామా గొడవ ఒకటి ఉంది, వ్యాకరణం చెప్పేవారికి బాగా పనికొస్తుంది. 'అడవి అందంగా ఉంది' అని ఒక కామా, తర్వాత 'చీకటిగా, లోతుగా' అన్న రెండు మాటలు జంటగా. ఫ్రాస్ట్ 1923లో అచ్చువేసింది అలాగే. 1963లో ఆయన చనిపోయారు. 1969లో సమగ్ర కవితలు సంకలనం చేసినవారు 'డార్క్' తర్వాత ఇంకో కామా చేర్చారు. మొదటి పద్ధతిలో చదివితే అందం ఏమిటంటే ఆ చీకటీ ఆ లోతూ అని అర్థం వస్తుంది. రెండో పద్ధతిలో మూడు వేరువేరు గుణాల జాబితా అవుతుంది. ఒక్క కామా! చీకటే అందంగా కనిపిస్తున్న మనిషి గురించిన కవిత కదా, నా ఓటు మొదటిదానికే.

నాకొక సందేహం. చివర్లో రెండుసార్లు వచ్చే 'నిద్రపోయే ముందు మైళ్ల దూరం వెళ్లాలి' అన్న పంక్తిలో నిద్ర అంటే మరణం అని ప్రతి గైడులోనూ ఉంది. అమ్మాయి అది రాస్తే ఆధారం ఎక్కడుంది అని టీచరు అడిగారు. ఏమని చెప్పాలి?

వరంగల్ రేడియో

ఆధారం ఆ పంక్తి రెండుసార్లు రావడమే. పైకి చదవమనండి. మొదటిసారి చదివినప్పుడు ఇంటికి దూరం ఉందన్న మామూలు మాట. అదే మాటను వెంటనే ఇంకోసారి పలికితే గొంతు దానంతట అదే నెమ్మదిస్తుంది. కొత్త సమాచారం లేకుండా ఎవరూ ఒక మాటను ఊరికే తిరిగి చెప్పరు. రెండోసారి ఏదో ఇంకొకటి ఉంది. అది మరణమే అని తీర్పు చెప్పనక్కరలేదు. 'మరణంగా కూడా చదవవచ్చు, ఎందుకంటే' అని రాయమనండి. 'ఎందుకంటే' తర్వాత వచ్చేదే జవాబు.

మార్కుల లెక్క

ఈ చివరి మాట జవాబుపత్రాలు దిద్దేవాడిగా గట్టిగా సమర్థిస్తాను. కట్టలకు కట్టలు ఒకే పేరా చదివి చదివి ఉన్న మాకు, 'ఎందుకంటే' అని ఒక పంక్తిని ఆధారంగా చూపిన జవాబు కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. అందులో ఆర్టికల్ తప్పు ఉన్నా, స్పెల్లింగ్ తప్పు ఉన్నా నేను మార్కులు తగ్గించను. మాకిచ్చే సూచనల ప్రకారం కూడా విషయానికే ప్రాధాన్యం.

అయితే నా మొదటి మాట వెనక్కి తీసుకోవడం లేదు. బాగా వెనకబడిన పిల్లలకు సారాంశం కూడా చేతిలో ఉండాలి. మేడమ్‌కు ఒక మనవి. గైడు పేరాకు బదులు, మీ అన్వయం అయ్యాక తరగతి అంతా కలిసి ఒక సారాంశం తయారుచేయండి. చిన్న వాక్యాలు, సింపుల్ ప్రెజెంట్, అయిదారు పంక్తులు. కంఠతా పట్టినా తమ మాటలే పడతారు.

ఇంటర్ రెండో సంవత్సరం

నేను ఒకటి రాశాను. ఇంగ్లిషులో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. 'కవి ఏడు రకాల చోట్ల గురించి చెప్పడం లేదు. ఒకే చోటును ఏడు వైపుల నుంచి చూపిస్తున్నాడు. ఎందుకంటే చివర్లో 'దట్ హెవెన్' అని ఏకవచనం వాడాడు. మొదటి పంక్తిలోనూ ఏడో వేర్ దగ్గరా మనసు అనే మాటే వచ్చింది. మొదట మనసుకు భయం లేదు, చివరికి అది ముందుకు నడుస్తోంది. భయం పోతేనే నడక మొదలవుతుంది.' ఇది సరైనదేనా?

కరీంనగర్ లెక్చరర్

సరైనదే. ఏకవచనాన్ని ఆధారంగా చూపావు చూడు, అక్కడ నేను ఆగి రెండోసారి చదివాను. ఒక్క సవరణ. మనసు తనంతట తాను నడవడం లేదు, నడిపించబడుతోంది. 'ఈజ్ లెడ్' అని ఉంది కదా. నీ చివరి వాక్యంలో ఆ నడిపించేవాడికి కూడా చోటు ఇవ్వు.

సాయంత్రం బడి

బాబూ, నీ అనుమతి ఉంటే ఈ జవాబు మా పిల్లలకు చదివి వినిపిస్తాను.

ఈ రోజు తరగతి సంగతి చెప్పాలి. పోతన పద్యం అందరం కలిసి చదివాం. 'ఎవ్వడు'లు లెక్కపెట్టి, 'వేర్'లు లెక్కపెట్టారు. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, లేచి 'అయితే కవిత మొత్తం ఒకే వాక్యం కదా మేడమ్' అంది. నాకు కళ్లు చెమర్చాయి. తలెత్తుకునేది ఎవరు అన్న ప్రశ్నకు 'ఆడపిల్లలు' అని రాసినవాళ్లు ఉన్నారు, 'మా నాన్న' అని రాసినవాళ్లూ ఉన్నారు. ఎందుకని అడిగితే ఇద్దరూ కారణాలు చెప్పారు.

ఇంకో సహాయం కావాలి. ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లకు ఇంత పెద్ద వాక్యం బరువవుతుంది. వాళ్లకు ఏది తీసుకోమంటారు?

కరీంనగర్ లెక్చరర్

సరోజినీ నాయుడు హైదరాబాద్ బజార్ల మీద రాసిన కవిత తీసుకోండి. 1912లో వచ్చిన సంపుటిలోది. వర్తకులారా ఏమి అమ్ముతున్నారు, కన్నెలారా ఏమి నూరుతున్నారు అని ప్రశ్నలు. కుంకుమపువ్వు, పప్పులు, బియ్యం, గంధం, గోరింట అని జవాబులు. వస్తువులన్నీ పిల్లలకు తెలిసినవే. ప్రశ్నలన్నీ 'వాట్ డు యూ' అనే మొదలవుతాయి. 'డు' వాడడం తడబడే పిల్లలకు అంతకంటే మంచి అభ్యాసం ఉండదు. సగం తరగతి ప్రశ్న, సగం తరగతి జవాబు చెప్పించండి, రేడియో గారికీ సంతోషం. తర్వాత మన ఊరి సంత మీద అదే తీరులో నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు రాయమనండి. చివరి చరణంలో పూలమ్మే అమ్మాయిలు పెళ్లికొడుక్కి కిరీటాలు అల్లుతారు, చనిపోయినవారి మీద కప్పే పూల దుప్పట్లూ అల్లుతారు. అంతవరకు సరుకుల పట్టికలా సాగిన కవిత అక్కడ ఎందుకు మలుపు తిరిగిందో వాళ్లనే అడగండి, మీరు చెప్పకండి.

సాయంత్రం బడి

తప్పకుండా. ఆ కవితలో 'ఓ యీ మర్చంట్స్' అని వస్తుంది కదా, ఆ 'యీ'ని ఎలా చెప్పమంటారు? టాగూర్ 'దీ' కూడా పిల్లలు అడుగుతున్నారు.

ప్రొద్దుటూరు మాస్టారు

మా మనవరాలు నిన్న నాకు చెప్పింది, ఆమె మాటల్లోనే రాస్తున్నాను. 'దౌ' అంటే నీవు, 'దీ' అంటే నిన్ను, 'యీ' అంటే మీరు. పాత ఇంగ్లిషులో మనలాగే నీవు, మీరు వేరువేరుగా ఉండేవట. దేవుణ్ణి 'నీవు' అనే పిలిచేవారట. మనమూ అంతే కదమ్మా, 'నీవే తల్లివి తండ్రివి' అంటాం గానీ మీరు అనం. పిల్లలకు అలా చెప్పండి, పట్టేస్తారు.